మలయాళం పాలిండ్రోమ్ కాదట! ప్రోలాగ్‌లో పాత కోడ్ ఎందుకు నోరు మెదపకుండా మోసం చేస్తుంది

ఈసారి ఎపిసోడ్ కొంచెం వేరే దారిలో వెళ్తుంది. ఏఐ టూల్స్ లేవు, కొత్త ఫోన్లు లేవు. యాభై ఏళ్ల పైబడ్డ ఒక లాంగ్వేజ్ గురించి, దాని వల్ల నా ఉద్యోగం దాదాపు పోయినంత పనైన రోజు గురించి చెప్తాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని కూతురు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపింది. గుంటూరు వైపు ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్ చదువుతోంది. "అక్కా, ఎల్లుండి ల్యాబ్ ఇంటర్నల్. రికార్డ్‌లో ఎలా ఉందో అలాగే కొట్టాను. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. తప్పెక్కడుందో చూడవా?"

చూశాను. ప్రోలాగ్ ప్రోగ్రామ్, మొత్తం మూడు లైన్లు. ఒక మాట పాలిండ్రోమా కాదా అని చెప్పాలి. పాలిండ్రోమ్ అంటే తెలుసుగా, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండేది. తను డబుల్ కోట్స్‌లో ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో మలయాళం అని ఇచ్చింది. ఎం, ఏ, ఎల్, ఏ, వై, ఏ, ఎల్, ఏ, ఎం. ఎటు నుంచి చూసినా అదే. ప్రోలాగ్ ఇచ్చిన జవాబు మాత్రం: ఫాల్స్.

ఎర్రర్ లేదు. ఎర్ర రంగులో ఒక్క లైన్ కూడా లేదు. ప్రశాంతంగా "ఫాల్స్" అనేసి ఊరుకుంది.

పాపం ఆ పిల్ల సీనియర్ రికార్డ్ కూడా తెప్పించుకుని చూసింది. అందులోనూ అదే ప్రోగ్రామ్. ఆ సీనియర్‌కి ఇచ్చిన వాళ్ల రికార్డ్‌లోనూ అదే అయ్యుంటుంది. ఎన్ని బ్యాచ్‌ల చేతులు మారిందో! ఆ ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. రాసిన రోజున అది కరెక్టే. దాని కింద ఉన్న భాష జరిగిపోయింది, అంతే.

ప్రోలాగ్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో అలాన్ కోల్మెరోర్, ఫిలిప్ రూసెల్ దీన్ని మొదలుపెట్టారు. లాజిక్ ప్రోగ్రామింగ్ అంటారు. మామూలు లాంగ్వేజ్‌లలో "ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి" అని చెప్తాం. ఇక్కడ అలా కాదు. మనకు తెలిసిన నిజాలు రాస్తాం, రూల్స్ రాస్తాం, తర్వాత ప్రశ్న అడుగుతాం. అది వాటన్నిటినీ జత చేసి చూసి, కుదిరితే ట్రూ, కుదరకపోతే ఫాల్స్ అంటుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది, దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్రోలాగ్ ఫాల్స్ అన్నప్పుడు "నువ్వు చెప్పింది అబద్ధం" అనట్లేదు. "నా దగ్గరున్న వాటితో దీన్ని నిరూపించలేకపోయాను" అంటోంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఊళ్లో ఎవరినో అడ్రస్ అడిగితే "ఆ పేరుతో ఇక్కడెవరూ లేరండీ" అంటారు చూడండి. నిజంగా ఆ మనిషి లేకపోవచ్చు. లేదా మనం పేరు తప్పుగా పలికి ఉండొచ్చు. జవాబు మాత్రం రెండింటికీ ఒకటే.

సరే, మలయాళానికి వద్దాం. పాత ప్రోలాగ్‌లలో డబుల్ కోట్స్‌లో ఏదైనా రాస్తే, అది నిజానికి ఒక లిస్ట్. ఒక్కో అక్షరానికి ఒక్కో నంబర్. మలయాళం అంటే 109, 97, 108, 97, 121, 97, 108, 97, 109. ఇది లిస్ట్ కాబట్టి, లిస్ట్‌ని తిరగేసే రూల్ ఏదైనా దీని మీద పనిచేసేది. తిరగేస్తే అదే వస్తుంది, కాబట్టి ట్రూ. మా చెల్లి రికార్డ్‌లోని మూడు లైన్లు ఈ నమ్మకం మీదే నిలబడ్డాయి.

ఇప్పుడు చాలామంది వాడే ప్రోలాగ్, ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో యాన్ వీలెమేకర్ 1987లో మొదలుపెట్టాడు, ఫ్రీ సాఫ్ట్‌వేర్. దీని వెర్షన్ 7లో డబుల్ కోట్స్ అర్థం మారిపోయింది. ఇప్పుడది లిస్ట్ కాదు, స్ట్రింగ్ అనే వేరే జాతి వస్తువు. లిస్ట్‌ని తిరగేసే రూల్ దగ్గరికి స్ట్రింగ్ వస్తే ఆ రూల్ ఏం చేస్తుంది? "ఇది ఖాళీ లిస్టా? కాదు. తల, తోక ఉన్న లిస్టా? కాదు. ఐతే నాకేం తెలీదు." ఫాల్స్.

మార్చడానికి కారణం లేకపోలేదు. పాత పద్ధతిలో 64 బిట్ మెషీన్ మీద ఎస్‌డబ్ల్యూఐలో ఒక్కో అక్షరానికి 24 బైట్లు పోయేవి. పైగా 109, 97 అని లిస్ట్ కనిపిస్తే అది మాటో, ఎవరి మార్కుల జాబితానో ప్రోలాగ్‌కే తెలీదు. ప్రింట్ చేస్తే నంబర్లు వచ్చేవి. నేర్చుకునే వాళ్లు మొదటి రోజే బెదిరిపోయేవాళ్లు. నన్నడిగితే మార్చడం మంచిదే. కానీ మంచి మార్పుకి కూడా బిల్లు ఉంటుంది, ఆ బిల్లు ఎవరికి వెళ్తుందనేది వేరే సంగతి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. పాతది అనగానే మనం అన్నీ ఒకే గాటన కట్టేస్తాం. పాత ఫీచర్లలో నిజానికి రెండు రకాలు ఉన్నాయి, రెండింటికీ మందు వేరు.

మొదటి రకంలో పేరు పాతబడుతుంది. ఎస్‌డబ్ల్యూఐలో ముక్కల్ని కలిపి ఒక మాట చేయడానికి ఒకప్పుడు కాన్‌క్యాట్ ఆటమ్ అని ఉండేది. ఇప్పుడు దాని పేరు అటామిక్ లిస్ట్ కాన్‌క్యాట్. లిస్ట్‌లో ప్రతిదానికీ ఒక రూల్ వర్తించాలంటే చెక్‌లిస్ట్ అని ఉండేది, ఇప్పుడు మ్యాప్‌లిస్ట్. ఇలాంటి పాత పేర్లన్నిటికీ ఎస్‌డబ్ల్యూఐ ఒక గది కేటాయించింది. బ్యాక్‌కాంప్ అనే లైబ్రరీ. పాత పేరుతో పిలిస్తే, ఆ లైబ్రరీ తనంతట తనే లోడ్ అయ్యి పనిని కొత్త వాడికి అప్పజెప్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా పాత పేరుతో వచ్చిన ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ ఇంటికే తెచ్చి ఇచ్చినట్టు. దీనికి ఖర్చు పెద్దగా లేదు. ఒకవేళ ఆ గది తీసేసినా, "ఆ పేరుతో ప్రొసీజర్ లేదు" అని గట్టిగా ఎర్రర్ వస్తుంది. పట్టుకోవడం ఐదు నిమిషాల పని.

పక్కనే ఇంకొన్ని ముసలి ఫీచర్లు కూడా ఉన్నాయి. ఫైల్ చదవడానికి సీ, సీన్, రాయడానికి టెల్, టోల్డ్. ఇవి ఎడిన్‌బరో ప్రోలాగ్ రోజుల నాటివి. 1995లో వచ్చిన ఐఎస్ఓ ప్రమాణం వేరే పద్ధతి పెట్టింది, అయినా ఎస్‌డబ్ల్యూఐ వీటిని ఈరోజుకీ ఇంట్లోంచి గెంటలేదు. అసర్ట్ కూడా అంతే. "కొత్త కోడ్‌లో అసర్ట్-జెడ్ వాడండి" అని మాన్యువల్ మర్యాదగా చెప్తుంది, అసర్ట్ మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది.

రెండో రకంలో రాత అదే, అర్థం మారుతుంది. డబుల్ కోట్స్ ఇదే. దీనికి ఏ లైబ్రరీ పెట్టినా సరిపోదు. ఒకే కోట్స్ ఒకేసారి లిస్టూ, స్ట్రింగూ రెండూ కాలేవు కదా. ఎవరో ఒకరు ఓడిపోవాల్సిందే. వేరే లాంగ్వేజ్‌లలోనూ ఇది ఉంది. పైథాన్ 2లో 3ని 2తో భాగిస్తే 1 వచ్చేది, పైథాన్ 3లో 1.5 వస్తుంది. అక్కడ కనీసం జవాబు నంబర్ కనబడుతుంది, తేడా కొట్టిందని అనుమానం వస్తుంది. ప్రోలాగ్‌లో అర్థం కలవకపోతే వచ్చేది ఫాల్స్. ఫాల్స్ అనేది రోజూ వచ్చే మామూలు జవాబే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు నా కథ. ఉద్యోగంలో రెండో ఏడాది, హైదరాబాద్‌లో. కంపెనీ పేరు చెప్పను, చిన్నది. కస్టమర్లకి ఎస్ఎంఎస్‌లు పంపే ఒక టూల్ ఉండేది. అందులో ఎవరికి పంపాలి, ఎవరికి పంపకూడదు అని తేల్చే భాగాన్ని మా సీనియర్ ఒకాయన ప్రోలాగ్‌లో రాశాడు. ఆయనకి ప్రోలాగ్ అంటే పిచ్చి. నిజం చెప్పాలంటే ఆ పనికి అది భలే సరిపోయింది, పేజీన్నర కోడ్ అంతే.

అందులో అసలు రూల్ ఇది. ఒక నంబర్ బ్లాక్ లిస్ట్‌లో లేకపోతే దానికి మెసేజ్ పంపొచ్చు. "నాకు మెసేజ్‌లు వద్దు" అని చెప్పిన వాళ్ల నంబర్లు ఒక్కోటి ఒక్కో నిజంగా, డబుల్ కోట్స్‌లో రాసి ఉండేవి. మొదట్లో ప్లస్ గుర్తు, సున్నాలు పోకూడదని అలా పెట్టాడు. పంపాల్సిన నంబర్లు ఫైల్ నుంచి లైన్ లైన్‌గా చదివేది, అక్షరాల నంబర్ల లిస్ట్‌గా. రెండూ లిస్ట్‌లే కాబట్టి చక్కగా జతపడేవి. ఏళ్ల తరబడి నడిచింది.

సర్వర్ పాతబడింది, కొత్తదానికి మార్చే పని నాకిచ్చారు. పాతదాంట్లో ఎస్‌డబ్ల్యూఐ 5తో మొదలయ్యే వెర్షన్ ఏదో ఉంది. కొత్తదాంట్లో 7 వచ్చింది. నేనేం పట్టించుకోలేదు. ప్రోగ్రామ్ లోడ్ అయ్యింది, ఎర్రర్ లేదు. నా నంబర్ ఇచ్చి చూశాను, మెసేజ్ వచ్చింది. మా మేనేజర్ నంబర్ ఇచ్చాను, వచ్చింది. "అయిపోయింది సార్" అని చెప్పి ఇంటికెళ్లిపోయాను.

ఏం జరిగిందో మీకు ఇప్పటికే అర్థమయ్యుంటుంది. బ్లాక్ లిస్ట్‌లో ఉన్నవి ఇప్పుడు స్ట్రింగ్‌లు. ఫైల్ నుంచి వచ్చేవి ఇంకా లిస్ట్‌లే. స్ట్రింగ్, లిస్ట్ ఎప్పటికీ జతపడవు. "ఈ నంబర్ బ్లాక్ లిస్ట్‌లో ఉందా?" అంటే ప్రతిసారీ ఫాల్స్. ఐతే రూల్‌లో ముందు "లేకపోతే" ఉంది కదా. ఫాల్స్‌కి ముందు నాట్ పెడితే ట్రూ. అంటే అందరికీ పంపొచ్చు! మాకు వద్దు మొర్రో అని చెప్పిన వాళ్లందరికీ, ఒక్కళ్లని కూడా వదలకుండా, తెల్లవారుజామున ఆఫర్ మెసేజ్ వెళ్లిపోయింది.

పొద్దున్నే ఫోన్లు. ఒకావిడ ఏడుస్తూ మాట్లాడింది. వాళ్లాయన చనిపోయాక, ఆయన నంబర్‌కి మెసేజ్‌లు ఆపండి అని రెండుసార్లు చెప్పిందట. ఆ కాల్ నేనే ఎత్తాను. దాన్ని నేనింకా మర్చిపోలేదు. మామూలుగా బగ్ అంటే స్క్రీన్ మీద వస్తుంది, సరిచేస్తాం, అయిపోతుంది. దీనికి మాత్రం అవతల మనిషి ఉంది.

సీనియర్ వచ్చి చూశాడు. అరుస్తాడనుకున్నాను. కాసేపు కోడ్ వైపు చూసి, "ఎర్రర్ వచ్చుంటే బతికిపోయేవాళ్లం అమ్మా" అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని నాకు చూపించాడు. నేను టెస్ట్ చేసిన రెండు నంబర్లూ మెసేజ్ వెళ్లాల్సినవే. వెళ్లకూడని నంబర్ ఒక్కటి కూడా ఇచ్చి చూడలేదు. వెళ్లకూడనిది వెళ్లిందేమో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆయన ఆరోజు చేసినవి రెండు పనులు. ఒకటి, ఫైల్ పైన ఒక లైన్ పెట్టాడు. డబుల్ కోట్స్ అంటే ఈ ఫైల్‌లో పాత అర్థమే, అంటే కోడ్స్ అని చెప్పే ఫ్లాగ్. దీంట్లో తెలివి ఏంటంటే, ఇది సిస్టమ్ మొత్తాన్ని వెనక్కి లాగదు. పాత ఫైల్ పాత అర్థంతో, పక్కనే కొత్త ఫైల్ కొత్త అర్థంతో, రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో కాపురం చేస్తాయి. మీ ఫోన్‌లో కూడా జరిగేది ఇదే. ప్రతి ఆండ్రాయిడ్ యాప్ "నన్ను ఫలానా వెర్షన్ కోసం తయారుచేశారు" అని లోపల రాసుకుని వస్తుంది. ఫోన్ దాన్ని చూసి ఆ యాప్‌తో కొన్ని విషయాల్లో పాత పద్ధతిలోనే మెలుగుతుంది. అయితే ఆ ఓపికకి హద్దు ఉంది. ఆండ్రాయిడ్ 14 నుంచి, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 కన్నా పాతదాన్ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయనివ్వదు.

రెండోది, ప్రోగ్రామ్ మొదలవ్వగానే తనని తనే పరీక్షించుకునే ఒక రూల్. బ్లాక్ అవ్వాల్సిన ఒక ఉత్తుత్తి నంబర్‌ని, అసలు నంబర్లు వచ్చే దారిలోనే ఫైల్ నుంచి చదివించి అడుగుతుంది. అది బ్లాక్ అవ్వకపోతే ఒక్క మెసేజ్ కూడా పంపకుండా ఆగిపోతుంది. నోరు మెదపని ఫాల్స్‌ని అరిచే ఎర్రర్‌గా మార్చాడన్నమాట. రెండూ కలిపి నాలుగు లైన్లు ఉంటాయేమో.

ఇంకో దారి కూడా ఉంది, మొత్తం ఎస్‌డబ్ల్యూఐనే ట్రెడిషనల్ అనే ఆప్షన్‌తో స్టార్ట్ చేయడం. అప్పుడు లిస్ట్‌లు, కోట్స్ అన్నీ పాతకాలంలో ఉన్నట్టే ఉంటాయి. కానీ వెర్షన్ 7లో వచ్చిన కొత్త సౌకర్యాలు పోతాయి. మా సీనియర్‌కి అది నచ్చలేదు. నాకూ నచ్చదు. ఒక గదిలో ఫ్యాన్ పాడైందని ఊరంతా కరెంట్ తీసేసినట్టు ఉంటుంది.

లిస్ట్‌లు అన్నాను కదా, ఆ గొడవ కూడా చెప్పేస్తాను. ప్రోలాగ్ పుస్తకాల్లో లిస్ట్ లోపల చుక్కతో కట్టి ఉంటుందని చదువుకుంటాం. వెర్షన్ 7 ఆ చుక్కని లిస్ట్‌ల దగ్గర్నుంచి లాగేసుకుంది. ఎందుకంటే డిక్ట్ అనే కొత్త వస్తువు వచ్చింది, దాంట్లో పాయింట్ చుక్క ఎక్స్ అని వేరే లాంగ్వేజ్‌లలాగా రాయాలి, దానికి చుక్క కావాలి. లిస్ట్‌లకి బదులుగా బ్రాకెట్ల మధ్య నిలువు గీత ఉన్న వేరే పేరు ఇచ్చారు. మామూలు కోడ్‌కి ఇది తెలియను కూడా తెలియదు. కానీ ప్రోగ్రామ్‌లని విప్పి చూసే ప్రోగ్రామ్‌లు, లోపల చుక్క కోసం వెతికేవి, ఇవి దెబ్బతిన్నాయి. ఎలా? మళ్లీ అదే, ఫాల్స్ అని.

ప్రమాణాన్ని వదిలేశారని ప్రోలాగ్ జనాల్లో కొంతమందికి దీని మీద ఇప్పటికీ కోపం ఉంది. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ కోట్స్ విషయంలో ఆ ప్రమాణమే డబుల్ కోట్స్‌కి కోడ్స్, క్యారెక్టర్లు, ఆటమ్ అని మూడు అర్థాలని ఒప్పుకుంది. జీఎన్‌యూ ప్రోలాగ్ కోడ్స్ అంటుంది, స్క్రయర్ ప్రోలాగ్ క్యారెక్టర్లు అంటుంది, ఎస్‌డబ్ల్యూఐ స్ట్రింగ్ అంటుంది. ఒకే రాతకి మూడిళ్లలో మూడు అర్థాలు. అందుకే ఏ ఇంటి కోసం రాశావో ఫైల్ పైన రాసిపెట్టడం తప్ప వేరే దారి నాకైతే కనబడలేదు.

ఆదివారానికి వద్దాం. చెల్లికి ముందు దగ్గరి దారి చెప్పాను. డబుల్ కోట్స్ బదులు బ్యాక్ కోట్స్ పెట్టి అడుగు, ఎస్‌డబ్ల్యూఐ 7లో వాటికి ఆ పాత కోడ్స్ అర్థమే ఉంది. ల్యాప్‌టాప్ లేదు తనకి, ఫోన్ బ్రౌజర్‌లో స్విష్ అనే సైట్ తెరిచి చేస్తోంది. ఫోన్ కీబోర్డ్‌లో బ్యాక్ కోట్ వెతకడానికే రెండు నిమిషాలు పట్టింది. పెట్టగానే ట్రూ. అటు నుంచి కేక వినబడింది.

తర్వాత అసలు దారి చెప్పాను. ఆటమ్ క్యారెక్టర్స్ అనే ప్రెడికేట్‌తో మాటని నువ్వే అక్షరాల లిస్ట్‌గా మార్చుకుని, ఆ లిస్ట్‌ని తిరగెయ్యి. అది ప్రమాణంలో ఉన్నదే, ఏ ప్రోలాగ్‌లోనైనా నడుస్తుంది, కోట్స్ అర్థం మారినా నీకు సంబంధం ఉండదు. ఒక లైన్ ఎక్కువ, అంతే. మంగళవారం ఇంటర్నల్‌లో అదే రాసింది. మేడమ్ "రికార్డ్‌లో ఇలా లేదే" అని అడిగారట. ఇది రెండు విధాలా రన్ చేసి చూపించింది. ఆవిడ చూసి, "ఐతే రికార్డ్‌లో కూడా మార్చి రాయి, తర్వాతి బ్యాచ్ వాళ్లు దాన్నే చూస్తారు" అన్నారట.

ఆ రాత్రి మళ్లీ మెసేజ్. "అక్కా, ఇప్పుడు అన్నీ వస్తున్నాయి గానీ, తెలుగులో వికటకవి అని ఇస్తే ఫాల్స్ అంటోంది. ఇది కూడా వెర్షన్ గొడవేనా?"

కాదు. ఈ ఫాల్స్ వేరే ఫాల్స్. కంప్యూటర్‌కి వికటకవి ఐదు అక్షరాలు కాదు, ఏడు కోడ్‌లు. వ, గుడి, క, ట, క, వ, గుడి. నంబర్లలో 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. తిరగేస్తే గుడి ముందుకొచ్చి కూర్చుంటుంది, వ వెనక పడుతుంది. కలవదు. గుణింతాన్ని అక్షరంతో కట్టి ఉంచి తిరగేసే రూల్ రాయమని చెప్పాను. నిన్న రాత్రి పదకొండున్నరకి ఒక ప్రయత్నం పంపింది. వికటకవి వస్తోంది, "కిటికి" వస్తోంది. ఒత్తులున్న మాటల దగ్గర ఆగిపోయింది. మీలో ఎవరైనా చేస్తే నాకు పంపండి, తనకి చూపిస్తాను. ఉంటాను మరి.